కొత్త లాప్‌టాప్‌లో పాత పేజ్‌మేకర్, పక్కనే లైనక్స్: ఒకే కంప్యూటర్‌లో అన్నీ నడిపించుకోవడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత సిస్టమ్ పక్కనపెట్టి విండోస్ 11 లాప్‌టాప్ కొన్న డీటీపీ వాళ్లు, చిన్న ప్రెస్సుల వాళ్లు మొదట అడిగేది ఒకటే: "మన అను, పేజ్‌మేకర్ ఇందులో నడుస్తాయా?" అను అంటే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ అంటే అచ్చుకి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ అయిన 7 వచ్చింది 2001లో. కానీ పెళ్లిపత్రికలు, గుడి కరపత్రాలు, మాసపత్రికలు, కవితా సంపుటాలు ఏళ్ల తరబడి అందులోనే, అను ఫాంట్లలోనే కంపోజ్ అయ్యాయి. ఆ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరే ఉండాలి. అదే ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లకి కాలేజీ ల్యాబ్ పనికి విండోస్ లాంటిదే అయిన ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, లైనక్స్ కావాలి.

ఇందుకోసం ఇంకో కంప్యూటర్ కొనక్కర్లేదు, ఉన్న విండోస్ తీసేయక్కర్లేదు. పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్‌లోకి బలవంతంగా ఎక్కించి, కంపాటిబిలిటీ మోడ్‌లో రోజుల తరబడి కుస్తీ పట్టే బదులు, అది హాయిగా నడిచిన పాత విండోస్‌నే కొత్త లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడం మేలు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. లైనక్స్ సంగతి అంతకంటే తేలిక, దాని గురించి తర్వాత చెబుతాను.

ఏ దారి ఎవరికి?

దారులు నాలుగున్నాయి. మొదటిది వర్చువల్ మెషీన్. మీ విండోస్ 11లో ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో ఇంకో కంప్యూటర్ మొత్తం నడుస్తుంది. ఒకే ఇంట్లో రెండు వాటాలున్నట్టే: స్థలం ఒకటే అయినా కాపురాలు వేరు. అందులో ఏదైనా చెడిపోతే ఆ వాటా వరకే. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌కి, అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కి, ఏదైనా భయం లేకుండా నేర్చుకోవడానికి ఇదే సరైన దారి.

రెండోది డబ్ల్యూఎస్ఎల్. విండోస్ లోపల లైనక్స్ నడపడానికి మైక్రోసాఫ్టే ఇచ్చిన ఏర్పాటు ఇది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి సరిపోతుంది. మూడోది వైన్. లైనక్స్ వాడేవాళ్లు విండోస్ సాఫ్ట్‌వేర్ నడుపుకోవడానికి పనికొస్తుంది. నాలుగోది డ్యూయల్ బూట్, అంటే హార్డ్‌డిస్క్‌ని పంచి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసుకుని, ఆన్ చేసిన ప్రతిసారీ ఏది కావాలో ఎంచుకోవడం. రిస్క్ ఎక్కువ ఉన్నది దీనిలోనే. మిగతా మూడింటితో పని కాదని తేలాకే దీని జోలికి వెళ్లండి.

పేజ్‌మేకర్ కోసం కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 7ని డ్యూయల్ బూట్ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. కొత్త లాప్‌టాప్‌ల డిస్‌ప్లేకీ, వైఫైకీ విండోస్ 7 డ్రైవర్లు దొరకడం కష్టం. ఆ ప్రయత్నం వద్దు.

మొదటి మెట్టు: మీ కంప్యూటర్ సిద్ధంగా ఉందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ నొక్కండి. కుడివైపు కింద వర్చువలైజేషన్ అనే మాట ఉంటుంది. దాని పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే మంచిదే. డిసేబుల్డ్ అని ఉంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-ఎక్స్ లేదా ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. ఇది ఆఫ్‌లో ఉంటే వర్చువల్ మెషీన్ కోసం తర్వాత చేసేదేదీ పనిచేయదు, అందుకే ముందే చూసుకోమంటున్నాను.

ర్యామ్ 8 జీబీ ఉంటే పాత విండోస్‌కి సరిపోతుంది. లైనక్స్ డెస్క్‌టాప్ కూడా వర్చువల్ మెషీన్‌లో నడపాలంటే 16 జీబీ ఉంటే సుఖం. ఎస్‌ఎస్‌డీలో కనీసం 60 జీబీ ఖాళీ పెట్టుకోండి.

రెండో మెట్టు: వర్చువల్‌బాక్స్ వేసుకోవడం

వర్చువల్ మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్లలో నేను సిఫారసు చేసేది ఒరాకిల్ వర్చువల్‌బాక్స్. ఉచితం, ఓపెన్ సోర్స్. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమే, అదీ మంచిదే. కానీ మొదటిసారి చేసేవాళ్లకి వర్చువల్‌బాక్స్ మెనూలు తేలిగ్గా అర్థమవుతాయి.

దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. వేరే డౌన్‌లోడ్ సైట్లు వద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ కాసేపు తెగుతుందని ఒక హెచ్చరిక వస్తుంది. కంగారు పడక్కర్లేదు, ఎస్ నొక్కండి. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ ప్యాకేజీ కావాలని అడిగితే ముందు అది వేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఇంకో ఫైల్ కనిపిస్తుంది. దాని లైసెన్స్ వేరు, సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఉచితం. వెర్షన్ 7 నుంచి యూఎస్‌బీ 2, యూఎస్‌బీ 3 సదుపాయం అసలు ప్యాకేజీలోనే వస్తోంది కాబట్టి మన పనికి అది అక్కర్లేదు. షాపులో వాడేవాళ్లు దాన్ని వేయకుండా ఉండటమే మంచిది.

మూడో మెట్టు: పాత విండోస్‌ని తెచ్చుకోవడం

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. మీ దగ్గర పాత విండోస్ సీడీ, దాని కీ ఉంటే శుభ్రంగా కొత్తగా వేసుకోవచ్చు. సీడీని ఐఎస్ఓ ఫైల్‌గా, అంటే సీడీ మొత్తం ఒకే ఫైల్‌లో ఉండేలా మార్చి పెట్టుకోండి. కొత్త లాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి ఈ పని పాత కంప్యూటర్‌లోనే కానివ్వండి. పాత బ్రాండెడ్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్స్ మామూలుగా ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది. వర్చువల్ మెషీన్‌కైనా సరైన లైసెన్స్ ఉండాల్సిందే. క్రాక్ చేసిన ఐఎస్ఓలు మాత్రం వద్దు. వాటిలో ఏం దూర్చి పెట్టారో మనకి తెలియదు, కస్టమర్ల ఫైళ్లుండేది అందులోనే.

రెండో పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. పాత విండోస్ 7 కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే, దాన్ని సాఫ్ట్‌వేర్లతో, ఫాంట్లతో, టెంప్లేట్లతో సహా ఉన్నది ఉన్నట్టు ఒకే ఫైల్‌గా మార్చేయొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్ఇంటర్నల్స్ పరికరాల్లో డిస్క్2వీహెచ్‌డీ అనేది ఉంది. దాన్ని పాత కంప్యూటర్‌లో నడపండి. వీహెచ్‌డీఎక్స్ వాడమనే టిక్ ఉంటే తీసేయండి, ఎందుకంటే వర్చువల్‌బాక్స్‌కి మామూలు వీహెచ్‌డీ ఫైల్‌తోనే పని సాఫీగా జరుగుతుంది. సీ డ్రైవ్‌తో పాటు సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే చిన్న భాగానికి కూడా టిక్ పెట్టండి. అది లేకపోతే తర్వాత బూట్ కాదు. ఫైల్‌ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి రాయించండి. ఆ హార్డ్‌డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

ఇలా తెచ్చిన విండోస్ కొత్త చోట తెరుచుకున్నాక హార్డ్‌వేర్ మారిందని మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు. ఆ కీ కాగితం దగ్గర పెట్టుకోండి.

నాలుగో మెట్టు: మెషీన్ తయారు చేయడం

వర్చువల్‌బాక్స్ తెరిచి న్యూ నొక్కండి. పేరు మీ ఇష్టం, "డీటీపీ" అని పెట్టుకున్నా చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ రకం దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడండి: విండోస్ 7లో 32 బిట్, 64 బిట్ వేర్వేరుగా ఉంటాయి, మీ దగ్గరున్నదే ఎంచుకోండి. ఐఎస్ఓ ఇచ్చిన వెంటనే అన్‌అటెండెడ్ ఇన్‌స్టాలేషన్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, అంటే అన్నీ తనే నింపేసుకుని ఇన్‌స్టాల్ చేసేస్తుందన్న మాట. దాన్ని వద్దనండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ మన చేత్తో పెట్టుకుంటేనే తర్వాత టెన్షన్ ఉండదు.

విండోస్ 7కి 2 జీబీ ర్యామ్, రెండు ప్రాసెసర్లు ఇవ్వండి. విండోస్ ఎక్స్‌పీ అయితే 1 జీబీ, ఒక ప్రాసెసర్ చాలు. స్లైడర్ ఆకుపచ్చ దాటి ఎరుపులోకి వెళ్తే అసలు విండోస్‌కి ఊపిరాడదు. హార్డ్‌డిస్క్ 40 జీబీ ఇవ్వండి. ముందే మొత్తం కేటాయించమనే టిక్ పెట్టకపోతే ఆ 40 జీబీ ఒకేసారి పోదు, వాడేకొద్దీ ఫైల్ పెరుగుతుంది. డిస్క్2వీహెచ్‌డీతో తెచ్చినవాళ్లు కొత్త డిస్క్ చేయకుండా, ఉన్న డిస్క్ ఫైల్ వాడతామని చెప్పి ఆ వీహెచ్‌డీని చూపించాలి.

స్టార్ట్ నొక్కండి. సీడీ నుంచి అయితే ఇన్‌స్టలేషన్ మామూలుగానే సాగుతుంది. వీహెచ్‌డీతో మొదలుపెట్టినప్పుడు నీలం తెర వచ్చి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే ఫైల్ పాడైందని అనుకోవద్దు. చాలాసార్లు కారణం స్టోరేజీ కంట్రోలర్. మెషీన్ ఆపి, సెట్టింగ్స్, స్టోరేజ్‌లోకి వెళ్లి డిస్క్‌ని సాటా నుంచి తీసి ఐడీఈ కంట్రోలర్ కింద తగిలించండి, లేదా అటుది ఇటు చేయండి.

మౌస్ ఆ కిటికీలో ఇరుక్కుపోయినట్టు అనిపిస్తే కీబోర్డ్‌లో కుడివైపు కంట్రోల్ నొక్కండి, బయటికి వస్తుంది. టైపింగ్‌లో మీకు ఆ కీతో పని ఉంటే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గర ఈ హోస్ట్ కీని మార్చుకోవచ్చు.

అయిదో మెట్టు: రెండింటి మధ్య రాకపోకలు

విండోస్ తెరుచుకున్నాక స్క్రీన్ చిన్నదిగా, మౌస్ మొరాయిస్తున్నట్టు ఉంటుంది. పైన డివైసెస్ మెనూలో చివర ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ అని ఉంటుంది, అది నొక్కండి. లోపలి విండోస్‌లో సీడీ పెట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ 7కి సర్వీస్ ప్యాక్ 1 వేసి ఉండటం మంచిది. ఇప్పుడు కిటికీని లాగినకొద్దీ స్క్రీన్ పెరుగుతుంది.

తర్వాత ఫైళ్ల సంగతి. మీ విండోస్ 11లో ఒక ఫోల్డర్ తయారు చేయండి. డివైసెస్ మెనూలో షేర్డ్ ఫోల్డర్స్ సెట్టింగ్స్‌కి వెళ్లి ప్లస్ గుర్తు నొక్కి ఆ ఫోల్డర్ చూపించి, ఆటో మౌంట్, మేక్ పర్మనెంట్ రెండింటికీ టిక్ పెట్టండి. లోపలి విండోస్‌లో అది కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది. అయితే పేజ్‌మేకర్ ఫైల్‌ని ఆ డ్రైవ్ నుంచే నేరుగా తెరిచి పనిచేయకండి. ముందు లోపలి డిస్క్‌లోకి కాపీ చేసి, పని అయ్యాక తిరిగి షేర్డ్ ఫోల్డర్‌లో వేయండి. ఫొటోలు కూడా పేజ్‌మేకర్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచితే లింకులు తెగవు.

కాపీ పేస్ట్ కోసం అదే మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ని బైడైరెక్షనల్ చేయాలి. ఇక్కడ తెలుగు వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అను ఫాంట్లలో ఉన్న తెలుగు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన పాత పద్ధతి అది. పేజ్‌మేకర్‌లో చక్కగా కనిపించే పేరాని కాపీ చేసి విండోస్ 11లో వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో పేస్ట్ చేస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. వర్చువల్ మెషీన్ చెడిపోలేదు, ఫాంట్ లేని చోట ఆ కోడ్లు అలాగే కనిపిస్తాయి. ఆ మేటర్‌ని బయట వాడాలంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులూ సున్నాలూ ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. బయట యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని లోపల పేజ్‌మేకర్‌లో నేరుగా పేస్ట్ చేసినా పని జరగదు. దాన్నీ మార్చాల్సిందే.

ప్రింట్ విషయంలో పాత విండోస్‌కి ప్రింటర్ డ్రైవర్ వెతుక్కుంటూ కూర్చోవద్దు. లోపలే పీడీఎఫ్ చేయండి. పేజ్‌మేకర్‌తో పాటు పీడీఎఫ్‌లు తయారుచేసే డిస్టిల్లర్ వేసుకుని ఉంటే ఎక్స్‌పోర్ట్ మెనూలోంచే అవుతుంది. సెట్టింగ్స్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ చేయమనే టిక్ ఉందో లేదో చూడండి. ఆ పీడీఎఫ్‌ని షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే విండోస్ 11 నుంచి ఏ ప్రింటర్‌లోనైనా తీసుకోవచ్చు, ప్లేట్‌కైనా పంపొచ్చు.

మీ సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ (అది పెడితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) ఉంటే దాన్ని లాప్‌టాప్‌కి పెట్టి, డివైసెస్, యూఎస్‌బీ మెనూలో దాని పేరుకి టిక్ పెట్టండి. అప్పుడు అది బయటి విండోస్‌ని వదిలి లోపలికి వెళ్తుంది. ప్రతిసారీ చేయక్కర్లేకుండా సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్‌గా పెట్టేయొచ్చు.

ఆరో మెట్టు: నెట్ తీసేయండి, స్నాప్‌షాట్ తీసుకోండి

ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో ఆగిపోయాయి. వాటిని ఇంటర్నెట్‌కి వదలడం ప్రమాదం. యాక్టివేషన్ పని పూర్తవగానే మెషీన్ ఆపి, సెట్టింగ్స్, నెట్‌వర్క్‌లో ఎనేబుల్ నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేయండి. పేజ్‌మేకర్‌కి నెట్ అక్కర్లేదు. ఈ ఒక్క టిక్‌తో పాత విండోస్ గురించి ఉన్న భయాల్లో చాలా భాగం తీరిపోతుంది. షేర్డ్ ఫోల్డర్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

అన్నీ సరిగ్గా నడుస్తున్నాయనుకున్న రోజున వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ తీసుకోండి, అంటే మెషీన్ ఆ రోజు ఉన్న స్థితిని భద్రపరచడం. ఎప్పుడైనా ఏదైనా పాడైతే ఒక్క క్లిక్‌తో ఆ స్థితికి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత మెషీన్ లోపల సేవ్ చేసిన ఫైళ్లు కూడా వెనక్కి పోతాయి కాబట్టి రోజువారీ పనిని షేర్డ్ ఫోల్డర్‌లోకి తెచ్చుకోవడం మానొద్దు.

విండోస్ 11లో లైనక్స్ కావాలంటే

ఇది పది నిమిషాల పని, నెట్ స్పీడ్ బాగుంటే. స్టార్ట్‌లో టెర్మినల్ అని వెతికి, దానిపై కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో డబ్ల్యూ, ఎస్, ఎల్ మూడూ కలిపి కొట్టి, ఒక స్పేస్ వదిలి, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని ఇన్‌స్టాల్ అనే మాట కొట్టి ఎంటర్ నొక్కండి. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు దిగుతుంది. రీస్టార్ట్ చేశాక యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్కలు కూడా రావు. కీబోర్డ్ పనిచేయడం లేదని చాలామంది అక్కడే ఆగిపోతారు. అది లైనక్స్ పద్ధతి, కొట్టి ఎంటర్ నొక్కండి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు పెంగ్విన్ బొమ్మతో లైనక్స్ అని కనిపిస్తుంది, మీ లైనక్స్ ఫైళ్లు అక్కడుంటాయి. ప్రాజెక్టులు ఆ ఫోల్డర్లలోనే పెట్టండి. సీ డ్రైవ్‌లో పెట్టి లైనక్స్ నుంచి నడిపితే చాలా నెమ్మదిస్తుంది. విండోస్ 11లో లైనక్స్ సాఫ్ట్‌వేర్ల కిటికీలు కూడా మామూలు విండోస్ కిటికీల్లాగే తెరుచుకుంటాయి, వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు.

డబ్ల్యూఎస్ఎల్, వర్చువల్‌బాక్స్ రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఉంటే ఒక ఇబ్బంది రావొచ్చు. డబ్ల్యూఎస్ఎల్ వాడే మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లు నడిపే విండోస్ భాగం) ఆన్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవాల్సి వస్తుంది, వేగం తగ్గుతుంది. అలాంటప్పుడు వర్చువల్ మెషీన్ కింద పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. పేజ్‌మేకర్ లాంటి తేలికపాటి సాఫ్ట్‌వేర్‌కి ఆ తాబేలు ఉన్నా పెద్ద తేడా తెలియదు, వదిలేయండి. విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఇదే జరుగుతుంది. వేగం కోసం దాన్ని ఆపమనే సలహాలు దొరుకుతాయి. బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్‌లో ఆ పని చేయకండి.

మీరు వాడేదే లైనక్స్ అయితే

వైన్ 1993 నుంచి తయారవుతున్న ప్రాజెక్ట్. విండోస్ సాఫ్ట్‌వేర్ అడిగే పనులను అక్కడికక్కడే లైనక్స్ అర్థం చేసుకునేలా మారుస్తుంది. విండోస్ కాపీ కొనక్కర్లేదు. మెనూలతో పని కావాలంటే బాటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ప్రతి విండోస్ సాఫ్ట్‌వేర్‌కీ విడిగా ఒక చోటు కేటాయించి పెడుతుంది. ముందు వైన్ వాళ్ల యాప్ డేటాబేస్‌లో మీ సాఫ్ట్‌వేర్ పేరు వెతకండి. ప్లాటినం, గోల్డ్ రేటింగ్ ఉంటే ధైర్యంగా వేసుకోవచ్చు. అంతకంటే తక్కువైతే వర్చువల్‌బాక్స్‌కే వెళ్లండి. ఫాంట్ మేనేజర్లు, కీబోర్డ్ డ్రైవర్ల లాగా సిస్టమ్ లోతుల్లో పనిచేసేవాటికి వైన్ మీద ఆశ పెట్టుకోవద్దు. గేముల సంగతి వేరు: వాల్వ్ కంపెనీ 2018లో వైన్ ఆధారంగా తెచ్చిన ప్రోటాన్ వల్ల ఆ కంపెనీ గేముల దుకాణమైన స్టీమ్‌లోని విండోస్ గేముల్లో చాలావరకు లైనక్స్‌లో ఆడుకోవచ్చు.

డ్యూయల్ బూట్ తప్పనిసరైతే

గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో లైనక్స్ కావాలన్నవాళ్లకి ఇది అవసరమే. ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. విండోస్ 11 లాప్‌టాప్‌ల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డిస్క్ తెరుచుకోని తాళం, పేరు బిట్‌లాకర్) తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని. కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ష్రింక్ చేసి 60 జీబీ ఖాళీ చోటు తీయండి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఉబుంటు ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారు చేసి, దాని నుంచి బూట్ చేసి, విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేయమనే ఆప్షన్ ఎంచుకోండి. డిస్క్ మొత్తం చెరిపేయమనే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. తొందరలో దాన్ని నొక్కితే ఫైళ్లు తిరిగి రావు.

తర్వాత విండోస్‌లోకి వచ్చినప్పుడు గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి ఉంటే ఆశ్చర్యపోకండి. మదర్‌బోర్డ్ గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లైనక్స్‌ని స్థానిక సమయం వాడేలా సెట్ చేస్తే సరిపోతుంది.

మ్యాక్ ఉన్నవాళ్లకి

2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో, విండోస్‌ని డ్యూయల్ బూట్ చేసుకునే బూట్ క్యాంప్ లేదు. వర్చువల్ మెషీన్లు నడిపే ప్యారలల్స్‌లోనో, ఉచితంగా దొరికే యూటీఎంలోనో విండోస్ 11 ఆర్మ్ వెర్షన్ నడుపుకోవచ్చు. ఎక్స్‌పీ, విండోస్ 7 కూడా యూటీఎంలో ఎమ్యులేషన్‌తో నడుస్తాయి కానీ నెమ్మదిగా. ఫైల్ తెరిచి పీడీఎఫ్ తీసుకోవడానికి పనికొస్తుంది, రోజంతా కంపోజ్ చేయడానికి కాదు. మ్యాక్ ఓఎస్‌ని మామూలు కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా వేసుకోవడానికి మాత్రం ఆపిల్ లైసెన్స్ ఒప్పుకోదు.

చివరిగా, బ్యాకప్

స్నాప్‌షాట్ అదే లాప్‌టాప్‌లో ఉంటుంది, లాప్‌టాప్ పోతే అదీ పోతుంది. అంతా కుదిరాక మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ నొక్కి, వచ్చే ఓవీఏ ఫైల్‌ని బయటి హార్డ్‌డిస్క్‌లో దాచండి. రేపు ఇంకో కంప్యూటర్ కొన్నా అందులో వర్చువల్‌బాక్స్ వేసి, ఈ ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తే అను, పేజ్‌మేకర్, ఫాంట్లు, టెంప్లేట్లు అన్నీ ఎక్కడివక్కడ తెరుచుకుంటాయి. ఎక్స్‌పోర్ట్‌లో షేర్డ్ ఫోల్డర్ లోని ఫైళ్లు రావు, అవి మీ విండోస్ 11లో ఉన్నవి. వాటిని విడిగా కాపీ చేసుకోండి.